భూమి కంపిస్తోంది: మావోరి గొంతులో హెవీ మెటల్

మొదటిసారి విన్నప్పుడు ఆ పాటలో నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. కానీ అచ్చులు మాత్రం స్పష్టంగా వినిపించాయి. హెవీ మెటల్ పాటలో గాయకుడు గొంతు చించుకుంటున్నప్పుడు అచ్చులు వినపడటం అరుదు. ఇంగ్లిష్ మెటల్‌లో హల్లులు పళ్ల మధ్య నలుగుతాయి, మాట చివర పుటుక్కున తెగిపోతుంది. ఇక్కడ అలా లేదు. ప్రతి అక్షరం అచ్చుతోనే ముగుస్తోంది, కొన్ని పొట్టిగా, కొన్ని సాగుతూ. ఆ రాత్రే పాట సాహిత్యం వెతికి, ఒక పాత నోట్‌బుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. పాట పేరు 'రూ అన తె ఫెనుఅ'. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల భాషలో భూమి కంపిస్తోంది అని అర్థం.

పాడింది ఏలియన్ వెపన్రీ అనే న్యూజిలాండ్ బృందం. హెన్రీ డి యోంగ్, లూయిస్ డి యోంగ్ అన్నదమ్ములు 2010లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి డ్రమ్స్ వాయించే హెన్రీకి 10 ఏళ్లు, గిటార్ పట్టుకుని పాడే లూయిస్‌కి 8. తర్వాత కుటుంబం ఉత్తరాన నార్త్‌లాండ్‌లోని వైపూ అనే చిన్న ఊరికి చేరింది, బృందం అక్కడే పెరిగింది. వాళ్లు న్గాతి పికిఆఒ, న్గాతి రౌకవ అనే మావోరి తెగలకు చెందినవాళ్లు. 2016లో న్యూజిలాండ్ హైస్కూలు పిల్లల రాక్ పోటీనీ, మావోరి-పసిఫిక్ సంగీతం కోసం ప్రత్యేకంగా జరిగే మరో పోటీనీ ఒకే ఏడాది గెలిచారు. అంతకుముందు ఏ బృందమూ రెండూ కలిపి గెలవలేదు. 2018లో 'తూ' అనే మొదటి ఆల్బమ్, 2021లో 'తంగరోఅ', 2025లో 'తె రా' వచ్చాయి. 2018లోనే జర్మనీలోని వాకెన్ మెటల్ ఉత్సవంలో వాయించారు.

ఈ బృందం గురించి ఎక్కడ చదివినా ఒకే మాట కనిపిస్తుంది: మావోరి సంప్రదాయాన్ని త్రాష్ మెటల్‌తో, అంటే బాగా వేగంగా వాయించే రకం హెవీ మెటల్‌తో కలిపారని. ఆ మాట తప్పు కాదు. కానీ ఎలా కలిసింది అనే ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు. పాట మొదట్లో శంఖం ఊది, మధ్యలో నాలుగు కేకలు పెట్టి, మిగతా అంతా మామూలుగా వాయిస్తే అది కలవడం కాదు, అలంకరణ. ఇక్కడ అసలు అతుకు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళితే నాకు స్టూడియో కనిపించలేదు. బడి కనిపించింది, ఒక యుద్ధభూమి కనిపించింది, అన్నిటికన్నా ముందు ఆ భాష నడక కనిపించింది.

పాలినేషియా అంటే ఏది?

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. పాలినేషియన్ సంగీతం అనగానే మనలో చాలామందికి సముద్రతీరం, పూలదండలు, ఉకులేలే గుర్తొస్తాయి. పాలినేషియా ఒక ఊరు కాదు, ఒక దేశమూ కాదు. ఉత్తరాన హవాయి, నైరుతిలో న్యూజిలాండ్, తూర్పున రాపా నూయీ (ఈస్టర్ దీవి), ఈ మూడు కొనలనూ కలిపితే వచ్చే మహా త్రిభుజం. అందులో సమోవా, టోంగా, తాహితీ, కుక్ దీవులు, ఇంకా ఎన్నో. ఓడల మీద వెళ్లి స్థిరపడిన ఒకే మూలం జనం, అక్కచెల్లెళ్ల లాంటి భాషలు. సంగీతం మాత్రం దీవి దీవికీ వేరు.

ఉకులేలే సంగతే చూడండి. 1879లో పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చినవాళ్లు తమ వెంట ఒక చిన్న తంత్రీ వాద్యం తెచ్చారు. హవాయివాళ్లు దాన్ని తమది చేసుకున్నారు. అంటే మనం అచ్చమైన పాలినేషియా అనుకునే శబ్దమే ఒక కలయిక.

ఇంకో సంగతి తెలిసినప్పుడు నేను కాసేపు అలా ఉండిపోయాను. 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రాడు గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు ముక్క జార్చి వాయించే పద్ధతిని అభివృద్ధి చేశాడు. అదే స్టీల్ గిటార్. తర్వాత అమెరికా అంతా హవాయి సంగీతం పిచ్చి పట్టింది. ఒళ్లో పెట్టి వాయించే గిటార్ హాలు చివరిదాకా వినపడటం లేదన్న ఇబ్బంది వచ్చింది. ఆ ఇబ్బంది తీర్చడానికి రికెన్‌బాకర్ సంస్థ 1932లో అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రిక్ గిటార్ హవాయి పద్ధతిలో వాయించే ల్యాప్ స్టీల్. గుండ్రంగా, పొడుగు కాడతో ఉండటంతో దానికి 'ఫ్రైయింగ్ పాన్' అని పేరొచ్చింది. మార్కెట్లో నిలదొక్కుకున్న మొదటి ఎలక్ట్రిక్ గిటార్ అదే. హెవీ మెటల్‌కి ప్రాణం ఎలక్ట్రిక్ గిటార్. ఆ గిటార్ పుట్టుకలో పసిఫిక్ దీవి చెయ్యి ఉంది. కాబట్టి పాలినేషియా పిల్లలు మెటల్ వాయిస్తుంటే పరాయి వాద్యం అరువు తెచ్చుకున్నారని అనలేం.

ఆ హవాయి గిటార్ మన దాకా కూడా వచ్చింది. హవాయిలో పెరిగిన తవు మోయె అనే కళాకారుడు 1940ల్లో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. పాత సినిమా పాటల్లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ, కాస్త ఏడుస్తున్నట్టు వినిపించే గిటార్ ఉంటుంది చూడండి, అది ఆ దారినే వచ్చింది.

చర్మవాద్యం లేని లయ

ఇక న్యూజిలాండ్‌కి వద్దాం. తాహితీ, హవాయి దీవుల్లో సొరచేప చర్మం బిగించిన డ్రమ్ములు ఉన్నాయి. సమోవాలో, తాహితీలో దుంగను తొలిచి చేసిన కర్ర డ్రమ్ములు ఉన్నాయి. మావోరీల పాత సంగీతంలో చర్మం బిగించిన డ్రమ్మే లేదు. 'పహూ' అనే పేరుతో ఉన్నది వేలాడదీసి కొట్టే పెద్ద చెక్క, ఒక రకంగా చెక్క గంట. మరి లయ ఎక్కడ నుంచి వస్తుంది? పాదాల నుంచి, తొడల నుంచి, ఛాతీ నుంచి.

మావోరీలు గుంపుగా కేకలతో, అడుగులతో చేసే హక చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. రగ్బీ మ్యాచ్‌ల పుణ్యమా అని హక అంటే యుద్ధ నృత్యం అని ప్రపంచం అనుకుంటోంది. హకలో చాలా రకాలు ఉన్నాయి. ఆయుధాలతో చేసే పెరుపెరు వేరు, ఆయుధం లేకుండా చేసేది వేరు. అతిథుల్ని ఆహ్వానించడానికి చేస్తారు, చావు ఇంట్లో చేస్తారు, పిల్లలు బడి పూర్తి చేసిన రోజున చేస్తారు. నాయకుడు ఒక మాట అందిస్తాడు, గుంపు ఒక్క గొంతై బదులిస్తుంది. చేతివేళ్లు సన్నగా వణుకుతుంటాయి. దాన్ని 'విరి' అంటారు. ఎండాకాలం నేల మీద గాలి మరిగినట్టు కదులుతుంది కదా, ఆ మరుగులో నుంచి పుట్టిందని మావోరి కథ. సూర్యుడి కొడుకు తల్లి కోసం ఆడిన ఆటే ఎండలో మనకు కనిపించే ఆ మరుగు. ఒక పక్క పాదం నేలను బలంగా కొడుతుంటే ఇంకో పక్క వేళ్ల చివర అంత సన్నని వణుకు. ఈ రెండూ ఒకే ఒంట్లో ఒకేసారి నడవడం దగ్గరగా చూస్తే, అది కేవలం ఆవేశం కాదనీ ఏళ్ల తరబడి సాధనతో వచ్చిందనీ తెలుస్తుంది.

మావోరి వాద్యాల గురించి చెప్పేవాళ్లు ఒక మాట అంటారు: రాగం ఆకాశ తండ్రి రంగి నుంచి వచ్చింది, లయ భూమి తల్లి పపతూఆనుకు నుంచి వచ్చింది, ఆ తల్లి గుండె చప్పుడే లయ. భూమి తల్లి కడుపులో ఇంకా పుట్టని బిడ్డ ఒకడున్నాడు, పేరు రూఔమొకొ. వాడు కదిలితే భూకంపం. 'రూ' అంటే కంపించడం. అగ్నిపర్వతాల మీద, భూకంపాల మధ్య బతికే జనానికి ఇది పుస్తకంలోని కథ కాదు, కాళ్ల కింది అనుభవం.

ఇప్పుడు త్రాష్ మెటల్ డ్రమ్ముల్ని ఊహించుకోండి. రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతూ బాస్ డ్రమ్‌ని ఎడతెగకుండా మోగిస్తారు. గిటార్ వాయించేవాడు కుడి అరచెయ్యి అంచును తీగల మీద ఆనించి, శబ్దాన్ని నొక్కిపెట్టి కొడతాడు. స్వరం మోగకుండా 'ధగ్ ధగ్ ధగ్' మని నేలను తొక్కిన చప్పుడులా వస్తుంది. మెటల్‌లో గిటార్ సగం తాళవాద్యమే. పాదంతో నేలను కొట్టి లయ తెచ్చుకున్న సంప్రదాయానికి, గిటార్‌ని కూడా పాదంలా వాడే సంగీతం ఎదురుపడింది. కొత్తగా ఏదో తెచ్చి అతికించాల్సిన అవసరం రాలేదు.

తీపి పాట కన్నా మెటలే నయం

నేను గట్టిగా నమ్మే ఒక మాట చెప్తాను. పాత మావోరి పాటకు తియ్యని పాప్ సంగీతం చేసినంత నష్టం హెవీ మెటల్ చెయ్యదు.

మావోరీల పాత గేయాల్ని 'మోతెఅతెఅ' అంటారు. చనిపోయినవాళ్ల కోసం ఏడుపు పాటలు, పిల్లలకు వంశచరిత్ర చెప్పే జోలపాటలు, ప్రేమ పాటలు, నిందకు జవాబుగా కట్టిన పాటలు ఇందులోకే వస్తాయి. వీటిలో స్వరాల పరిధి చాలా చిన్నది. మూడు నాలుగు స్వరాల మధ్యే తిరుగుతాయి. ఆ స్వరాల మధ్య దూరాలు కూడా పియానో మెట్ల మీద ఉండవు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎక్కడో ఉంటాయి. అందరూ ఒకే వరుస పాడతారు. మధ్యలో ఊపిరి తెగి పాట ఆగకూడదు, ఆగితే అపశకునం. అందుకే ఒకరు ఊపిరి తీసుకుంటే పక్కవాళ్లు మొయ్యాలి.

19వ శతాబ్దంలో మిషనరీలు వచ్చి కీర్తనలు నేర్పారు. నాలుగు గొంతుల హార్మొనీ వచ్చింది, గిటార్ వచ్చింది. మావోరీలు దాన్ని కూడా అందంగా తమది చేసుకున్నారు, అందులో సందేహం లేదు. 1984లో 'పొయి ఎ' అనే మావోరి భాష పాట న్యూజిలాండ్ చార్టుల్లో మొదటి స్థానానికి వచ్చింది. 1988లో మావోరి ర్యాప్ వచ్చింది. కానీ మేజర్ కార్డు మీద, అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాల మీద కూర్చోబెట్టగానే పాత గేయంలోని ఆ మధ్య స్వరాలు చెదిరిపోతాయి. కార్డు ఏ మెట్టు చూపిస్తే గొంతు ఆ మెట్టు మీదికి జరగక తప్పదు.

మెటల్‌లో అలా జరగదు. దీనికి ఒక సాంకేతిక కారణం ఉంది. గిటార్ శబ్దాన్ని డిస్టార్షన్‌తో చీల్చినప్పుడు ప్రతి స్వరం నుంచి బోలెడు ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. అప్పుడు నిండు కార్డు వాయిస్తే అవన్నీ ఒకదానితో ఒకటి గొడవపడి బురదైపోతుంది. అందుకే మెటల్ గిటారిస్టులు షడ్జమం, పంచమం రెండే వాయిస్తారు. దాన్ని పవర్ కార్డ్ అంటారు. ఇది సంతోషమా దుఃఖమా అని తేల్చే గాంధారం అందులో ఉండదు. మన సంగీతం వినేవాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది: తంబూరా కూడా ఎక్కువగా స-ప మీదే నిలుస్తుంది, గాయకుడు తన దారిన తాను వెళ్తాడు. పవర్ కార్డ్ మీద మావోరి గొంతు తన పాత మధ్య స్వరాల్లోనే తిరగొచ్చు, ఎవరూ దాన్ని మెట్టు మీదికి లాగరు. ఇక హకలోని కేకకు శృతే లేదు, మెటల్ అరుపుకూ లేదు. ఇద్దరికీ శృతి పేచీ రాదు.

పది అచ్చులు, ఎనిమిది మాత్రలు

పాట సాహిత్యాన్ని తెలుగులో రాసుకున్నానని చెప్పాను కదా. రాస్తుంటే ఒక ఆశ్చర్యం. ఎక్కడా చెయ్యి ఆగలేదు. మావోరి భాషలో ఐదు హ్రస్వ అచ్చులు, ఐదు దీర్ఘాలు: అ ఆ, ఇ ఈ, ఉ ఊ, ఎ ఏ, ఒ ఓ. హిందీలో రాయాలంటే ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపించడం కష్టం. మన లిపిలో అన్నీ ఉన్నాయి. పైగా అది పూర్తిగా అజంత భాష, ప్రతి అక్షరం అచ్చుతోనే ముగుస్తుంది. 'డబ్ల్యు హెచ్' అని రాసినదాన్ని ఎక్కువ ప్రాంతాల్లో 'ఫ'కి దగ్గరగా పలుకుతారు. అందుకే ఫెనుఅ.

దీర్ఘం తప్పితే అర్థం తప్పుతుంది. 'మతుఅ' అంటే తండ్రి. 'మాతుఅ' అంటే తల్లిదండ్రులు. ఇంగ్లిష్ లిపిలో దీర్ఘానికి అక్షరం మీద గీత పెడతారు, లేదా అచ్చును రెండుసార్లు రాస్తారు. ఏలియన్ వెపన్రీ పాట 'ఉరుతా' పేరులో చివరి అచ్చు అలా రెండుసార్లే ఉంటుంది.

ఇప్పుడు బడిలో నేర్చుకున్న గురులఘువులు బయటికి తీయండి. రూ: గురువు, రెండు మాత్రలు. అ, న: రెండు లఘువులు. తె: ఒక లఘువు. ఫె, ను, అ: మూడు లఘువులు. మొత్తం ఒక గురువు, ఆరు లఘువులు, సరిగ్గా ఎనిమిది మాత్రలు. రాక్, మెటల్ సంగీతంలో ఎక్కువగా నడిచే నాలుగు దెబ్బల తాళంలో, దెబ్బకు రెండు చొప్పున ఎనిమిది భాగాలు. ఆ పేరును పలుకుతూ బల్ల మీద వేలితో కొట్టి చూశాను. మొదటి దెబ్బ మీద 'రూ' సాగి నిలబడుతుంది, తర్వాత ఆరు అక్షరాలు గుర్రం పరుగులా దూకుతాయి. మాట పలికితేనే రిఫ్, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ తిరిగే ముక్క, తయారైపోతోంది. ఇంగ్లిష్ నడక ఇలా ఉండదు. అక్కడ ఊనిక పడ్డ అక్షరం లావెక్కుతుంది, పడనిది నలిగిపోతుంది. మావోరిలో మన దగ్గరలాగే మాత్రల లెక్క. అందుకే ఆ భాషలో మెటల్ వింటుంటే నాకు అది అనువాదంలా అనిపించలేదు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. త్రాష్ మెటల్ అంటేనే వేగం. వేగం పెరిగేకొద్దీ దీర్ఘం హ్రస్వంగా మారిపోయే టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ కాస్తా తండ్రి ఒక్కడే అయిపోతాడు. కాబట్టి ఈ పనిలో మాటకు రిఫ్ తల వంచాలి గానీ, రిఫ్‌కి మాట తల వంచకూడదు.

మూగపోయిన వాద్యాలు

శంఖం గురించి మొదట్లో కాస్త తేలిగ్గా మాట్లాడాను. నా అభ్యంతరం శంఖం మీద కాదు, దాన్ని అలంకారంగా వాడటం మీద. మావోరి వాద్యాల్ని 'తఒంగ పూఒరొ' అంటారు, పాడే నిధులు అని చెప్పొచ్చు. పెద్ద శంఖానికి చెక్క మూతి బిగిస్తే పూతాతర. తాడుకు కట్టి గిరగిరా తిప్పితే గాలిలో గర్జించే చెక్క రేకు పూరెరెహుఅ. ఎముకతోనో కర్రతోనో చేసిన చిన్న పిల్లనగ్రోవి కోఔఔ.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పూతోరినొ. ఇలాంటి వాద్యం మావోరీల దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మధ్యలో ఉబ్బి, రెండు కొనల్లో సన్నబడి ఉంటుంది. చెట్టుకొమ్మకు వేలాడే ఒక పురుగు గూడు ఆకారం అది. వేణుగానానికి అధిదేవత హినె రౌకతౌరి ఆ గూటిలోనే ఉంటుందని నమ్మకం. ఆడ పురుగు జీవితాంతం ఆ గూడు వదిలి బయటికి రాదు, లోపలి నుంచే మగ పురుగును పిలుస్తుంది. ఆ పిలుపే పిల్లనగ్రోవి పాట అయిందట. అదే వాద్యాన్ని కొమ్ములా ఊదితే మగ గొంతు, వేణువులా ఊదితే ఆడ గొంతు.

20వ శతాబ్దం వచ్చేసరికి ఈ వాద్యాలు దాదాపు మూగపోయాయి. మ్యూజియం అద్దాల వెనక మిగిలాయి. వాటిని మళ్లీ పలికించినవాళ్లలో ముగ్గురి పేర్లు తప్పకుండా చెప్పాలి: మావోరి స్వరకర్త హిరిని మెల్బోర్న్, వాద్యకారుడు రిచర్డ్ నన్స్, చెక్కడం పనిలో నిపుణుడు బ్రయన్ ఫ్లింటాఫ్. మ్యూజియంలలో ఉన్న వాద్యాలను చేతిలోకి తీసుకుని ఊదారు. ఊరూరా మరఎలకు, అంటే తెగ సభాప్రాంగణాలకు వెళ్లి పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో మిగిలిన ముక్కలు ఏరుకున్నారు. మెల్బోర్న్, నన్స్ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ 1994లో వచ్చింది. మెల్బోర్న్ 2003లో, నన్స్ 2021లో వెళ్లిపోయారు.

మెటల్‌తో ఈ వాద్యాలకు ఒక చిక్కు ఉంది. కోఔఔ గొంతు చాలా చిన్నది, చెవి దగ్గర పెట్టి వినాల్సినంత. డిస్టార్షన్ గిటార్ మోగగానే దానికి చోటుండదు. అందుకే చాలామంది వీటిని పాట మొదట్లో, గిటార్లు రాకముందు వాడతారు. స్టూడియోలో మైకు దగ్గర పెట్టి గట్టెక్కొచ్చు, స్టేజి మీద కష్టం. శంఖానికి, గర్జించే పూరెరెహుఅకి ఆ బలం ఉంది కాబట్టి అవి నిలబడతాయి. సున్నితమైన వేణువుకి మెటల్ ఇంకా సరైన చోటు ఇవ్వలేదు, నా వరకు ఇది మిగిలిపోయిన పని.

పక్షిగూడు లాంటి బడి

బ్రిటిష్ రాజ్యంతో మావోరి నాయకుల వైతంగి ఒప్పందం 1840లో జరిగింది. 1867 చట్టంతో వచ్చిన స్థానిక బడుల్లో చదువు ఇంగ్లిష్‌లో చెప్పాలన్నారు. తర్వాతి తరాల్లో మావోరి మాట్లాడినందుకు పిల్లల్ని కొట్టారు. దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయ్యాక తమ పిల్లలకు ఆ భాష నేర్పలేదు, వాళ్లైనా దెబ్బలు తప్పించుకుంటారని. 1970ల నాటికి భాష చచ్చిపోతుందేమోనన్న భయం పట్టుకుంది. 1972లో యువకులు 30,000 పైగా సంతకాలతో పార్లమెంటుకు వినతిపత్రం ఇచ్చారు. 1982లో కోహంగ రెఒ మొదలైంది. ఆ మాటకు భాష గూడు అని అర్థం. పసిపిల్లలు, వాళ్లతో నానమ్మలు, అమ్మమ్మలు. పాఠాలేమీ లేవు. రోజంతా ఆ భాషలో తినిపించడం, పాడటం, జోకొట్టడం, అంతే. 1985లో మొదటి కుర కౌపప బడి వచ్చింది, మొత్తం చదువు మావోరిలోనే. 1987లో మావోరి అధికార భాష అయింది.

డి యోంగ్ అన్నదమ్ములు చిన్నతనంలో చదివింది అలాంటి కుర కౌపప బడిలోనే. అక్కడ పాట, హక అనేవి శనివారం పెట్టే స్పెషల్ క్లాసులు కావు, దినచర్యలో భాగం. గిటార్ చేతికి రాకముందే ఆ లయ వాళ్ల ఒంట్లో ఉంది. అందుకే అతుకు స్టూడియోలో పడలేదన్నాను. ముందుగా ఆ నానమ్మలు పసిపిల్లల ఎదురుగా కూర్చుని మాట్లాడారు కాబట్టే, ఆ ఉద్యమం తెరిచిన బడిలో చదివిన ఒక కుర్రాడు ముప్పై ఏళ్ల తర్వాత జర్మనీలో మైకు ముందు ఆ భాషలో అరవగలిగాడు. ఎంత మంచి సౌండ్ ఇంజనీర్ అయినా ఈ పని చెయ్యలేడు.

ఎవరి కథ, ఎవరి తల

మెటల్‌కి తనదైన అలంకారాలు ఉన్నాయి. అందులో మొదటిది పుర్రె. టీషర్టుల మీద, ఆల్బమ్ అట్టల మీద, స్టేజి మీద ఎక్కడ చూసినా పుర్రెలే. మావోరి ఆచారంలో మనిషి ఒంట్లో అన్నిటికన్నా 'తపు', అంటే పవిత్రమూ నిషిద్ధమూ అయినది తల. 19వ శతాబ్దం తొలి దశకాల్లో ముఖం మీద మొకొ, అంటే చెక్కిన పచ్చబొట్టు ఉన్న మావోరి తలలను భద్రపరిచి, తుపాకుల కోసం యూరోపియన్లకు అమ్మే వ్యాపారం నడిచింది. ఆ తలలు యూరప్, అమెరికా మ్యూజియంలకు చేరాయి. వాటిని ఇంటికి తెచ్చుకునే పనిని వెల్లింగ్టన్‌లోని జాతీయ మ్యూజియం తె పప 2003 నుంచి ఒక కార్యక్రమంగా చేస్తోంది. వచ్చిన ప్రతిసారీ ఏడుస్తూ, పిలుస్తూ సొంత మనుషుల్లా లోపలికి తీసుకెళ్తారు. ఇది తెలిశాక మెటల్ అట్ట మీది పుర్రెను మునుపటిలా చూడలేకపోయాను. 'తె రా' ఆల్బమ్‌లో 'మౌ మొకొ' అనే పాట ఉంది, ఆ మొకొ గురించే.

అరువు సంగతి కూడా ఇలాంటిదే. 'క మతె' హకను ప్రపంచమంతా ప్రకటనల్లో, పార్టీల్లో వాడేసుకుంది. దాన్ని కట్టినవాడు న్గాతి తొఅ తెగ నాయకుడు తె రౌపరహ, సుమారు 1820లో. 2014లో న్యూజిలాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసి, ఆ హకను వ్యాపారంగా వాడే చోట ఆయన పేరు చెప్పి తీరాలంది. పాటకు వంశం ఉంటుందని చట్టం కూడా ఒప్పుకున్నట్టే. మావోరీలు వంశవృక్షాన్ని ఫకపప అంటారు. మనుషులకే కాదు, కొండకు, నదికి, వాద్యానికి, పాటకు కూడా ఫకపప ఉంటుంది. ఇతర జాతుల సంగీతాన్ని మెటల్‌లోకి తెచ్చిన బృందాలు ముందూ ఉన్నాయి. బ్రెజిల్‌కి చెందిన సెపుల్తురా 1996లో వచ్చిన తన ఆల్బమ్ కోసం షవాంటె ఆదివాసుల దగ్గరికి వెళ్లి వాళ్లతో కలిసి రికార్డు చేసింది. అది గౌరవంగా చేసిన పనే. కానీ అది అతిథి చేసిన పని. ఏలియన్ వెపన్రీది ఇంటి మనిషి పని. దక్షిణ ఆక్లాండ్ నుంచి షెపర్డ్స్ రెయిన్ అనే బృందం సమోవా భాషలో ఇదే దారిలో నడుస్తోంది. వాళ్ల ఆల్బమ్ 'అల మై' 2023లో వచ్చింది. సమోవా కర్ర డ్రమ్ము సంప్రదాయం వేరు కాబట్టి వాళ్ల మెటల్ నడకా వేరు, దాని గురించి విడిగా రాయాలి.

పుకెహినహిన

మళ్లీ ఆ మొదటి పాట దగ్గరికి. 1864 ఏప్రిల్ 29, తౌరంగ దగ్గర పుకెహినహిన అనే చిన్న దిబ్బ. బ్రిటిష్‌వాళ్లు దాన్ని గేట్ పా అన్నారు. పా అంటే కోట. లోపల రావిరి పుహిరకె నాయకత్వంలో సుమారు 230 మంది మావోరీలు. బయట జనరల్ డంకన్ కామెరాన్, సుమారు 1,700 మంది సైనికులు, బ్రిటిష్‌వాళ్లకూ మావోరీలకూ మధ్య ఆ కాలంలో జరిగిన యుద్ధాల్లోకెల్లా పెద్ద ఫిరంగులు. రోజంతా గుళ్లు కురిపించారు. పైన కంచె తునాతునకలైంది. లోపల ఇక ఎవరూ బతికి ఉండరని సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో సైనికులు చొరబడ్డారు. మావోరీలు నేల కింద తవ్వుకున్న కందకాల్లో, పైకప్పు వేసిన గోతుల్లో కూర్చుని ఉన్నారు. రోజంతా వాళ్ల వీపుకి ఆనుకుని కంపించింది ఆ భూమే. సైనికులు లోపలికి రాగానే నేలలో నుంచి కాల్పులు మొదలయ్యాయి. కాసేపట్లోనే వందకు పైగా సైనికులు చనిపోవడమో గాయపడటమో జరిగింది, మిగిలినవాళ్లు వెనక్కి పరుగెత్తారు. ఆ రాత్రి గాయపడి పడి ఉన్న శత్రువులకు హేని తె కిరి కరము అనే మావోరి యోధురాలు నీళ్లు తాగించింది. ఆ యుద్ధంలో చనిపోయిన మావోరీల్లో తె అహొఅహొ ఒకరు. లూయిస్, హెన్రీలకు పూర్వికుడు. ఆ పాట ఆయన కథే.

గెలుపు ఎక్కువ కాలం నిలవలేదు. జూన్ 21న తె రంగ అనే చోట, కందకాలు పూర్తిగా తవ్వుకోకముందే బ్రిటిష్ సేన వాళ్ల మీద పడింది. పుహిరకెతో సహా వందకు పైగా మావోరీలు చనిపోయారు. ఆ తర్వాత 1863 నాటి చట్టం కింద తౌరంగ భూములు కూడా లాక్కున్నారు. తిరుగుబాటు చేసినవాళ్ల భూమిని ప్రభుత్వం తీసుకోవచ్చని ఆ చట్టం చెప్పింది. దేశం మొత్తం మీద పది లక్షల హెక్టార్లకు పైగా పోయింది. దాని మీద కట్టిన పాట 'రౌపతు', ఆ మాటకు భూమిని లాక్కోవడం అని అర్థం. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పాట సగమే అర్థమవుతుంది. మావోరిలో 'ఫెనుఅ' అంటే భూమి. మాయ అన్నా 'ఫెనుఅ'నే, కడుపులో బిడ్డను పోషించే మాయ. బిడ్డ పుట్టాక మాయను సొంత నేలలో పాతిపెట్టడం ఆచారం. 'రూ అన తె ఫెనుఅ' అని అరిచేటప్పుడు రెండు అర్థాలూ ఒకే గొంతులో ఉన్నాయి.

పుకెహినహిన ఇవాళ తౌరంగ ఊరి మధ్యకు వచ్చేసింది. దిబ్బ మీద ఒక చర్చి, కొంత ఖాళీ స్థలం, చెక్కిన స్తంభాలు. పక్క నుంచే ఊళ్లోని పెద్ద రోడ్డు పోతుంది, రోజంతా కార్లు తిరుగుతుంటాయి. ఆ రోడ్డు పేరు కామెరాన్ రోడ్డు, ఆ జనరల్ పేరే. ఆ రోడ్డు మీద ఉన్నది తె అహొఅహొ పేరు కాదు. ఆయన కథను ఆయన వంశం పిల్లలు ఎనిమిది మాత్రల మీద, రెండు కాళ్లతో పెడళ్లు తొక్కుతూ చెబుతున్నారు.